ఈ నీడ ఎవరిది?

“కదలకండి బాబాయ్. ఊపిరి పీల్చుకోండి గానీ భుజాలు ఎగరెయ్యకండి.”

రంగనాయకులుగారు ఉయ్యాలబల్ల మీద బిగుసుకుని కూర్చున్నారు. కూర్చున్న ఆ కాసేపట్లోనే ముక్కు గోక్కున్నారు, మెడ తిప్పి మెట్లవైపు చూశారు, అయిందా అని రెండుసార్లు అడిగారు. నాంచారికి నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. గవ్వలకొండ మనుషుల్ని ఎండైనా లొంగదీస్తుందేమోగానీ, నోరు మూసుకుని కూర్చోబెట్టడం మాత్రం దేవుడి వల్ల కూడా కాదు.

ఆ వసారాలో ఉయ్యాలబల్ల వేశాక మనిషి పక్కకి తిరిగి నడవాల్సిందే. బల్ల చేతికర్రకి పొద్దున్నే గాటు పెట్టి, గొడుగాకు మొలక కూర్చి, మైనపు గుడ్డతో బిగించి కట్టింది నాంచారి. ఇప్పుడిక తొలినీడ పట్టాలి. వాలుగా పడుతున్న ఎండలో రంగనాయకులుగారి నీడ బల్ల మీద పరుచుకుంది. మొలక ఆ నీడవైపు మెల్లగా తల వంచింది. పసిపిల్ల తల్లి మొహం గుర్తుపట్టినట్టే ఉంటుంది ఈ పని. ఎన్ని అంటులు కట్టినా ఈ ఘడియలో నాంచారి చేతిలో పని ఆపి చూస్తుంది.

మొలక మొదట్లో ఉన్న మూలకన్ను పలికింది. కొండమీద ప్రతి ఆకులోనూ ఉన్నది ఆ ఒక్క కన్నే, ఒక్క గొంతే.

“ఈ నీడ ఎవరిది?”

“నాదేనమ్మా, ఇంకెవరిది? నా బల్ల, నా వసారా...”

“నాది అనండి చాలు, బాబాయ్.”

“నాది.”

మొలక చిట్లింది. అరచేతంత ఆకు బయటికొచ్చి, చూస్తూ ఉండగానే చేటంతై, చాపంతై, ఆయన నెత్తిమీద గొడుగులా విప్పుకుంది. ఈనెల్లోంచి సన్నటి తడి ఆవిరి దిగింది. రంగనాయకులుగారు నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయారు. ఎట్టకేలకు ఆయన కదలడం మానేశారు.

లోపల్నించి వాళ్ళావిడ గరిటెతో సహా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆకు అంచు ఆవిడవైపు నుంచి చక్కగా ముడుచుకుంది.

“ఏమిటే ఇది?”

“మీకు వేరే అంటు కట్టాలి పిన్నిగారూ. నీడకి నీడ. ఒకరి నీడకి ఒకటే ఆకు.”

“మొగుడి నీడలో పెళ్ళాం కూర్చోకూడదా? ఇదెక్కడి చోద్యమే అమ్మా!”

కొండమీది ఆకుల పెత్తనమంతా చూసే ఛాయాశాల వాళ్ళు ‘నీడకు నీడ’ అనే మాటని గోడలనిండా రాయించారు. మనిషి పడేసే నీడా నీడే, మనిషిని కాచే నీడా నీడే, తెలుగులో రెండింటికీ మాట ఒకటే కదా అని ముచ్చటపడి రాయించారు. మాట కుదిరింది కాబట్టి రూలూ కుదిరిందనుకున్నారు. నాంచారి కత్తి తుడిచి సంచిలో పెట్టుకుని, ఆవిడిచ్చిన మజ్జిగ తాగి బయటపడింది.

రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని ముందటివాళ్ళు అనేవారట. ఇప్పుడు అన్ని కార్తెలూ రోహిణికార్తెలే. బెజవాడలో మధ్యాహ్నం ఎండ ముదిరిందని ఎర్రపొద్దు కూత కూసిందంటే ఇంట్లో ఉన్నవాడు పెనం మీద ఉన్నట్టు, బయట ఉన్నవాడు పొయ్యిలో ఉన్నట్టు. మధ్యలో మనిషి బతికేది ఒక్క గొడుగాకు కిందే. అందుకే కొండమీద ప్రతి ఇంటిముందూ, చారెడు జాగాలోనే, ఓ కుర్చీయో బల్లో నులకమంచమో ఉంటుంది. కూత వినగానే జనమంతా ఇళ్ళలోంచి బయటికొచ్చి, ఎవరి ఆకు కింద వాళ్ళు కూర్చుంటారు. మెట్లదారికి మాత్రం ఆకు లేదు. మెట్లు ఎవరివీ కావు కదా.

చెవికి పెట్టుకున్న బిళ్ళలో జోజిగారి గొంతు వినిపించింది. ఛాయాశాలలో గవ్వలకొండ అంతా ఆయన చూపులోనే ఉంటుంది. మంచాయన, కానీ ప్రతిదానికీ బెంగ.

“నాంచారమ్మా, ఇంకోటుంది. కట్టడం కాదు, కొయ్యడం.”

“ఎక్కడండీ?”

“నడిమెట్టు దగ్గర. సామ్రాజ్యం అని, పేముకుర్చీలు అల్లే ఆవిడ. ఆవిడ ఆకు ఆవిడకి విప్పుకోవట్లేదు. దారినపోయే వాళ్ళందరికీ విప్పుకుంటోంది.”

నాంచారి కాళ్ళు ఆగాయి. ఆ అంటు కట్టింది తనే.

“చీడేమో. మందు వేసి చూడనా?”

“చీడైతే బాగుణ్ణు. ఇది అంటు. కూత కూశాక నీళ్ళతోపాటే తడితీగలోంచి ఒక ఆకు నేర్చింది ఇంకో ఆకుకి పోతుందని నీకు తెలుసుగా. అది గనక పాకిందంటే ఎవరి ఆకు ఎవరికి విప్పుకుంటుందో ఎవరికి తెలుసు? ఇన్నాళ్ళూ లేతది కాబట్టి పాకలేదు, ఇప్పుడు ముదిరింది. నిన్ననే దాని తీగ విడదీయించాను. నువ్వు కూతకి ముందే మొదలంటా కోసెయ్యి.”

“అంటులు కట్టేదాన్ని అంటుకి భయపడమంటారేంటండీ?”

“నవ్వులాట కాదమ్మా. కొండంతా బయట కూర్చునే వేళ అది.”

“మరి సామ్రాజ్యం పిన్నికి ఏం చేస్తారు?”

“దారితప్పిన ఆకుకి బదులు మొలక ఇవ్వరు. కొండ కింద చలవగదిలో చోటిస్తాం.”

చలవగది చల్లగానే ఉంటుంది, ఎవరూ కాదనరు. కానీ అక్కడ గాలి కదలదు, వెలుతురు దిగదు. పచ్చి పేము పూటకే బూజు పడుతుంది. సామ్రాజ్యానికి పేము అల్లిక తప్ప ఇంకో పని రాదు, ఇంకో ముచ్చటా లేదు. గవ్వలకొండ మీద సగం కుర్చీలు ఆవిడ చేతిలోంచి వచ్చినవే. అంత బిగువుగా అల్లితేనే అంటు నిలబడేది. ఊరందరి నీడకీ పీట వేసినావిడని నీడ లేకుండా చెయ్యడానికి తను కత్తి పట్టుకుని పోతోందన్నమాట. నాంచారికి మనసంతా చేదుగా అయిపోయింది.

నడిమెట్టు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో మంచం పట్టేంత చదును, వెనకాల అగ్గిపెట్టెలాంటి ఒంటిగది, ముందు పేముకుర్చీ. సామ్రాజ్యం నెత్తిమీద తడిగుడ్డ వేసుకుని, నిలబడే పేముబద్ద చీలుస్తోంది.

“ఓసి నాంచారీ! ఎన్నాళ్ళకి గుర్తొచ్చానే! ఎండనపడి వచ్చావు, రా, ముందు కూర్చో.”

“నేను కూర్చోవడానికి రాలేదు పిన్నీ. నువ్వు కూర్చో, చూస్తా.”

“నేనెందుకులే. నాకు నిలబడితేనే చెయ్యి ఆడుతుంది.”

“కూర్చో పిన్నీ.”

సామ్రాజ్యం పేముబద్ద పక్కన పెట్టి కూర్చుంది. ఆకు చుట్ట చుట్టుకునే ఉంది. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఎండ ఆవిడ నుదుటిమీద పడి మండుతుంటే, తప్పు చేసి దొరికినదానిలా తల దించుకుంది.

“ఎన్నాళ్ళనించి ఇట్లా?”

“కట్టిన మర్నాటి నించీ. చెప్తే కోసేస్తారని చెప్పలేదు. దారిన పోయేవాళ్ళని పిలిచి కూర్చోబెట్టుకుంటా. వాళ్ళకి విప్పుకుంటుంది, ఆ అంచున నిలబడి నా పని నేను చేసుకుంటా. ఎవరూ రాకపోతే తడిగుడ్డ ఉందిగా.”

కొండమీద ఇది అందరికీ తెలిసిన వేళాకోళమే. సామ్రాజ్యం పిన్ని కంటపడ్డావా, కూర్చోకుండా పోలేవు అంటారు. పాపం, పిలుపు వెనక ఉన్న అవసరం ఎవరికీ తెలీదు. కూర్చున్నవాళ్ళు ఆవిడ పెట్టిన బెల్లంముక్క తిని, ఒళ్ళు చల్లబడ్డాక, నీ కడుపు చల్లగా ఉండ అని లేచి వెళ్ళిపోయేవారు.

నాంచారి మోకాళ్ళ మీద కూర్చుని ఆకు మొదలు తడిమింది. అంటు ఎముకలా అతుక్కుంది. చీడ లేదు, కుళ్ళు లేదు. తీగ విడదీసినచోట మాత్రం మొదలు వాడి, గోధుమరంగుకి తిరుగుతోంది.

“పిన్నీ, ఆ రోజు తొలినీడ పట్టేటప్పుడు ఏమయిందో నీకు గుర్తుందా?”

“గుర్తులేకేం. నన్ను కూర్చోమన్నావు. ఇంటికొచ్చిన పిల్లని నిలబెట్టి నేను కూర్చుంటానా? నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని ఇద్దరం ఎంతసేపు వాదులాడుకున్నామో! చివరికి నీ భుజాలు పట్టుకుని నేనే కూర్చోబెట్టా.”

నాంచారికి అంతా కళ్ళముందుకి వచ్చింది. పెద్దావిడ మాట తీసెయ్యలేక, ఒక్క క్షణం కూర్చుని లేద్దాంలే అని కూర్చుంది. ఆ క్షణంలోనే మొలక తల వంచింది. కుర్చీమీద తన నీడ, దాని పక్కనే చెయ్యి చాచి నిలబడిన సామ్రాజ్యం నీడ. మూలకన్ను అడగనే అడిగింది.

“అప్పుడది ‘ఈ నీడ ఎవరిది’ అంటే నువ్వేమన్నావు పిన్నీ?”

“ఏమంటాను? వచ్చినవాళ్ళదమ్మా అన్నాను. ఎదురుగా మనిషిని పెట్టుకుని నాది అంటారా ఎవరైనా, సిగ్గులేకపోతే సరి!”

నాంచారికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు చెమర్చాయి. ఆకుకి జబ్బేమీ లేదు. మర్యాదకి అన్న మాటని అది నిజమని నమ్మింది, అంతే. నమ్మి, ఇన్నాళ్ళూ ఆ మాట మీదే నిలబడింది. మనుషులైతే గడప దాటగానే మర్చిపోయి ఉండేవారు.

“జోజిగారూ, ఇది జబ్బు కాదండీ,” అని జరిగింది చెప్పింది.

“విన్నాను. బాగుంది కూడా. కానీ నాంచారమ్మా, ఆకుకి మన మర్యాదలు నేర్పితే ఎట్లా? సొంత మనిషిని ఎండలో వదిలేసే ఆకుని కొండమీదికి ఎట్లా వదలను? ఇంకాసేపట్లో కూత. కోసెయ్యి.”

ఆయనన్నదీ అబద్ధం కాదు. నాంచారి కత్తి తీసింది. సామ్రాజ్యం ఏడవలేదు, బతిమాలలేదు. లోపలికి వెళ్ళి సగం అల్లిన పీటని తెచ్చి, “ఇది రంగనాయకులు వాళ్ళావిడకి ఇవ్వాలే, నేను కిందికి పోయాక నువ్వు ఇచ్చెయ్యి” అంది. ఆ మాటే నాంచారిని ఎక్కువ కోసింది.

అప్పుడే కింది మెట్లమీంచి ఆయాసం వినిపించింది. మంచాలు మోసే మీరావలి. నెత్తిమీద నులకమంచం బోర్లించుకుని, కూత లోపలే కొండెక్కేద్దామని పరుగున వచ్చి, మలుపు దగ్గర తూలాడు. మొహం ఇటుకరంగులో ఉంది. చెమట కూడా ఆగిపోయింది. చెమట ఆగితే ఏమవుతుందో కొండమీద పిల్లలకి కూడా తెలుసు.

“అబ్బాయ్ మీరావలీ! మంచం అట్లా పడెయ్, వచ్చి కూర్చో!”

“లేదక్కా, ఇంకా పైకి...”

“కూర్చోమన్నానా!”

సామ్రాజ్యం రెక్క పట్టుకుని లాగి కుర్చీలో కూలేసింది. వాడిపోయిన ఆ ఆకు, తీగ తెగి నిన్నటి నించి చుక్క నీళ్ళు లేని ఆ ఆకు, వణుకుతూ వణుకుతూ విప్పుకుంది. పూర్తిగా కాదు. మీరావలి తలా గుండే కాచేంత మటుకే. దాని ఒంట్లో ఉన్నదంతా అదే. అంచున నిలబడడానికి సామ్రాజ్యానికి చోటు మిగల్లేదు. ఆవిడ తన నెత్తిమీది తడిగుడ్డ తీసి మీరావలి మెడకి చుట్టి, ఒట్టి తలతో ఎండలో నిలబడింది.

కొండ దిగువ నుంచి ఎర్రపొద్దు కూత మొదలైంది.

ప్రతి గుమ్మంలోంచీ జనం బయటికొచ్చారు. ప్రతి కుర్చీమీదా ఒక ఆకు కదిలింది. పాదం నుంచి శిఖరం దాకా గవ్వలకొండ మొత్తం ఒక్కసారి పచ్చగా విప్పుకుంటుంటే, తడితీగల్లోకి నీళ్ళు దూకిన చప్పుడు రాళ్ళలోంచి వినిపించింది. రోజూ చూసేదే. అయినా నాంచారికి రోజూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ పచ్చదనమంతటి మధ్యా మెట్లమలుపులో తనకీ సామ్రాజ్యానికీ మాత్రం నెత్తిన నీడ లేదు.

“సామ్రాజ్యం పిన్నీ, లోపలికి పో!”

“లోపల ఇంకా ఘోరమే. నా సంగతి తర్వాత, వాడికి నీళ్ళు పట్టు,” అని సామ్రాజ్యం గోడ పట్టుకుంది.

“కోశావా?” చెవిలో జోజిగారు.

నాంచారి కత్తి వైపు చూసింది, విడదీసిన తీగ వైపు చూసింది. ఈ ఆకు నేర్చింది పాకితే సొంత మనుషులకి విప్పుకోవడం మానేస్తాయి, నిజమే. కానీ గవ్వలకొండ మీద సొంత మనిషి తప్ప ఇంకెవరూ లేని కుర్చీ ఏది? ఒక ఇంట్లో తుమ్మితే పక్కింట్లో చిరంజీవ అనే కొండ ఇది. చెయ్యి చాస్తే పొరుగింటి చూరు తగులుతుంది. అట్లా అనుకుందే గానీ నమ్మకంగా తెలీదు. తప్పయితే తలెత్తుకోలేదు, ఎదురుగా తలెత్తి చూడ్డానికి కొండమీద ఎవరూ మిగలరు కూడా. ఆ మాటా తెలుసు. తెలిసీ కత్తితో వాడిన మొదలుని ఏటవాలుగా చెక్కింది, తీగ కొసని అట్లాగే చెక్కింది, రెండిటినీ పెదవులు కలిపినట్టు కలిపి మైనపు గుడ్డ చుట్టి బిగించింది. తన చేతికి వచ్చిన పని అదొక్కటే, కట్టడం.

“నాంచారమ్మా! ఏం చేశావు?”

“అంటు కట్టానండీ.”

తీగలో నీళ్ళు ఒక్క క్షణం ఆగినట్టయింది. నడిమెట్టు నుంచి ఏదో కదలిక కిందికీ పైకీ పాకింది. పక్కింటి ఆకు వణికింది. దాని పక్కది వణికింది. ఆ తర్వాత, ఎవరి నెత్తిమీద ఆకు వాళ్ళ నెత్తిమీదే టపటపా ముడుచుకోవడం మొదలుపెట్టింది. కొండంతా ఆకులు మూసుకున్నాయి. భగ్గున ఎండ పడింది. పిల్లల కేకలు, ముసలివాళ్ళ అరుపులు. పై వరసలో రంగనాయకులుగారు, “నాది! నాదే తల్లీ! నాది!” అని గొంతు చించుకుంటున్నారు. తప్పు చేశాను, చంపేశాను అందరినీ, అనుకుంది నాంచారి.

అప్పుడు రంగనాయకులుగారి ఆకు మళ్ళీ విప్పుకుంది. ఆయనవైపు కాదు, గరిటె పట్టుకుని పక్కన నిలబడిన వాళ్ళావిడవైపు. పక్కింటి నులకమంచం కోడు మీది ఆకు ఒళ్ళు సాగదీసి ఆయన్ని కప్పింది. ఆ పక్కింటి ఆకు గోడ దాటి ఇవతలి అరుగు మీదికి వాలింది. ఇవతలది అవతలికి. కింది వరస ఆకులు పై వరసకి చేతులు చాచాయి, పై వరసవి మెట్ల మీదికి దిగాయి. ఇన్నేళ్ళూ ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క ముక్కగా తెగి ఉన్న నీడ, అంచుకి అంచు తగిలి, చాపలా అల్లుకుపోయింది. పేము అల్లికలాగే ఒకటి కిందినించీ ఒకటి పైనించీ. ఎవరివీ కాని మెట్లమీద కూడా నీడ పడింది. కొండమీద అట్లాంటి నీడ ఎవరూ ఎన్నడూ ఎరగరు. అరుపులన్నీ ఆగిపోయాయి. నాంచారి తల పైకెత్తి, ఆ పచ్చటి వెలుగులో నిలబడిపోయింది.

ఎదురింటి బల్లమీది ఆకు ఒకటి మెట్లదారి మీదుగా వంగి వచ్చి, గోడ పట్టుకుని జారిపోతున్న సామ్రాజ్యం నెత్తిమీద ఆగింది. చల్లటి ఆవిరి ఆవిడ నుదుటిమీద దిగింది. సామ్రాజ్యం కళ్ళు విప్పింది.

“ఇది నా ఆకు కాదే,” అంది అయోమయంగా.

“కాదు పిన్నీ. అందుకే విప్పుకుంది. దానికి నువ్వు వచ్చినదానివి.”

సామ్రాజ్యం ఆ ఆకుని అట్లాగే చూస్తూ, చిన్నపిల్లలా ఏడ్చేసింది. అన్నాళ్ళూ అందరినీ కూర్చోమన్న మనిషిని మొదటిసారి ఇంకొకరు కూర్చోమన్నట్టుంది. మీరావలి లేచి తన నులకమంచం వాల్చి ఆవిడని కూర్చోబెట్టాడు. వాడి మొహాన చెమట తిరిగి పుట్టింది.

కొండమీది ఆకులన్నిట్లోంచీ ఒకేసారి, ఒకే గొంతుతో మూలకన్ను అడిగింది. “ఈ నీడ ఎవరిది?”

ఎవరూ పలకలేదు. నాది అంటే ఏమయిందో ఇప్పుడే చూశారు కదా. అది మళ్ళీ అడిగింది. దాని గొంతులో ఎప్పుడూ లేని తడబాటేదో వినిపించింది. నాంచారి సామ్రాజ్యం వైపు చూసింది. తర్వాత ఆకు మొదటి దగ్గరికి వంగి, “వచ్చినవాళ్ళది” అంది.

మూలకన్ను మళ్ళీ అడగలేదు.

చాలాసేపటికి చెవిలో జోజిగారు పలికారు. కోపం ఉంటుందనుకుంది. లేదు. ఛాయాశాల మేడమీద ఒక్కడే మిగిలిన మనిషి గొంతు అది.

“నాంచారమ్మా... ఇక్కడ నా ఆకు కూడా ముడుచుకుపోయింది. ఈ మేడమీద నేను తప్ప ఎవరూ లేరు. నేనెక్కడ కూర్చోవాలే?”

నాంచారి సామ్రాజ్యానికి ఆ మాట చేరవేసింది. సామ్రాజ్యం కొంగుతో మొహం తుడుచుకుని, ఖాళీ అయిన తన పేముకుర్చీని మెట్లవైపు తిప్పి పెట్టింది.

“రమ్మనవే ఆయన్ని,” అంది. “దారంతా నీడేగా. నిలబడి మాట్లాడతాడేంటి, వచ్చి కూర్చోమను.”